ఇంటనే యున్నది గదా!

పని యొకచోట నుండి, పనిచేయువారు వేఱొకచోట నుండుట యీ కాలపు వింతలలో నొకటి. మా చిన్ననాట ఉద్యోగమనగా ఊరు విడుచుటయే. మా చల్లపల్లిలో నాలుగక్షరములు నేర్చిన కుఱ్ఱవాడు బందరునకో బెజవాడకో పోయెడివాడు. ఇంకను నేర్చినవాడు మదరాసునకో హైదరాబాదునకో పోయి పండుగలకు మాత్రము తిరిగి వచ్చెడివాడు. 2020 మార్చిలో మహమ్మారి మూలమున దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు ఈ క్రమము తలక్రిందయ్యెను. మనుష్యులు నగరములను విడిచి స్వగ్రామములకు వచ్చిరి. వారి వెంట వారి యుద్యోగములును వచ్చినవి. వ్యాధి శమించినను కొన్ని యుద్యోగములు తిరిగి పోలేదు. మా యింట నట్టివి రెండు నిలిచిపోయినవి.

ఒకటి మా కుమారునిది. రెండవది మా కోడలిది. ఇద్దఱును హైదరాబాదులోని కంపెనీలకు కంప్యూటరు పని చేయుదురు. ఇద్దఱి చదువును ఒక్కటియే. జీతములును ఇంచుమించుగ నొక్కటియే. పడమటి గదిలో నతడును, వంటయింటి ప్రక్క చిన్నగదిలో నామెయు కూర్చుందురు. ఈ యేర్పాటు నెవరు చేసిరో మాకు జ్ఞప్తి లేదు. ఎవరును చేయలేదనియే చెప్పవలెను. అది తనంతట తానే యట్లయినది. తమంతట తామే యగు నేర్పాటుల విషయముననే గృహస్థులు ఎక్కువ జాగరూకులై యుండవలెనని మా కిప్పుడు తోచుచున్నది.

మేము విశ్రాంతి తీసికొనిన యుపాధ్యాయులము. సంస్కరణాభిలాషులమనియే మమ్ము మేము తలచుకొందుము. వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికల కొఱకు పాఠశాల స్థాపించిన కథను ఏటేట పిల్లలకు చెప్పినవారము. కోడలు ఉద్యోగము చేయుచున్నదని నలుగురితో గర్వముగ చెప్పుకొనువారము. కావున ఈ క్రింది వృత్తాంతము నితరులపై నేరము మోపుటకు వ్రాయుటలేదు. ఇందు ముద్దాయియు మేమే, సాక్షియు మేమే.

మొన్నటి కార్తికమాసమున మా యిల్లాలు అవనిగడ్డలోని చెల్లెలి యింటికి పోయి మూడు దినము లుండెను. వానిలో రెండవ దినపు కథ యిది.

ఆ దినమున తెల్లవాఱక మునుపే లేచి వీధికి పోతిమి. మా యూర 2014 నవంబరు మొదలు కొందఱు స్వచ్ఛందముగ వేకువజామున చీపుళ్లు, పారలు పట్టి వీధులను, రహదారుల ప్రక్కలను బాగుచేయుచున్న సంగతి చదువరులలో పలువు రెఱిగినదే. స్వచ్ఛ చల్లపల్లి యని దానికి పేరు. మేమును వీలైన దినములందు పోయి యొక చీపురు పట్టుదుము. ఆనాడును ఒక గంటసేపు దారిప్రక్క ఊడ్చి, చెమటతోను సంతృప్తితోను ఇంటికి వచ్చితిమి. వచ్చి అరుగుమీద కూర్చుండి, "అమ్మాయీ, కాఫీ" అంటిమి.

కాఫీ వచ్చెను. దాని వెనుకనే మా మనుమని స్నానము, వాని టిఫిను, పుస్తకముల సంచి, బడి బస్సు, అన్నియు నామె చేతిమీదుగనే జరిగిపోయినవి. మా కుమారుడు ఎనిమిదింటికి లేచి, వార్తలు చూచుకొని, తొమ్మిదింటికి గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. తొమ్మిదిన్నరకు ఆమెయు కంప్యూటరు ముందు కూర్చుండెను. తలుపు మాత్రము వేసికొనలేదు.

బయటి పనులకు మేము బయలుదేరితిమి. మా యిల్లాలు వ్రాసి పెట్టిపోయిన చీటీలో ఆఱు పను లుండెను: బ్యాంకులో పాసుపుస్తకము వ్రాయించుట, మందుల కొట్టు, పచారీ సరకులు, పిండిమరలో బియ్యము పట్టించుట, మనుమనికి చెప్పులు, దర్జీయొద్ద నున్న రవికలు. ఏడవదిగ సాయంకాలపు సినిమా టిక్కెట్లను మేమే చేర్చుకొంటిమి. సంచి చేతబట్టి బజారునకు పోవునప్పుడు ఇంటి బరువంతయు మా భుజములమీదనే యున్నట్లు తోచినదని దాచక చెప్పుచున్నాము. దారిలో ఎదురైన మిత్రుడొకడు, "ఈ వయసులో మీరే వచ్చారేం మాస్టారూ?" యనగా, "ఏం చేస్తాం, ఇంట్లో అందరూ ఉద్యోగస్థులే" యని బదులు చెప్పితిమి.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలులో యూనియన్ బ్యాంకునందు లీనమైనను, మా యీడువారము ఇంకను "ఆంధ్రా బ్యాంకు"నకే పోవుచుందుము. అచ్చటికి పోయిన పిదప పాసుపుస్తకము తేలేదని తెలిసెను. ఇంటికి ఫోను చేసితిమి; కోడలు వెదకి, బీరువాలో రెండవ అరలో నున్నదని చెప్పెను. పిదప మనుమని పాదము కొలత యెంతయని ఒకసారి, మాత్రలు ఎన్ని దినములకు కొనవలెనని ఒకసారి, పిండి మెత్తగ పట్టింపవలెనా బరకగ పట్టింపవలెనా యని ఒకసారి ఫోను చేసితిమి. ప్రతిసారియు నామె శాంతముగనే చెప్పెను. ఐదవసారి మాత్రము మెల్లగా, "మామయ్యగారూ, మీటింగులో ఉన్నానండీ. పది నిమిషాల్లో నేనే చేస్తాను" అనెను. మాకు కొంచెము కష్టము తోచినది. ఇంటనే యున్నది గదా, ఒక్క మాట చెప్పుట కేమి యని మనసులో ననుకొంటిమి.

పదునొకండు గంటలకు ఇల్లు చేరి వసారాలో కూర్చుంటిమి. అచ్చటినుండి రెండు గదుల తలుపులును కనబడును. అప్పుడే గ్యాసుబండ తెచ్చినవాడు వీధిగుమ్మమున కేక వేసెను. మేము లేచులోపలనే ఆమె తలకు తగిలించుకొన్న హెడ్‌ఫోనుతోనే వచ్చి, ఆంగ్లమున నెవరికో క్షమాపణ చెప్పుకొనుచు, బండ దింపించుకొని, డబ్బు చెల్లించి, మఱల లోనికి పరుగెత్తెను. ఆ క్షమాపణ మా చెవిని బడినది. పాఠము నడుమ ఎవరైన తలుపు తట్టినచో మేమెంత కోపించెడివారమో జ్ఞప్తికి వచ్చెను. మే మెన్నడును క్షమాపణ చెప్పలేదు; తట్టినవాడే చెప్పెడివాడు.

అప్పుడు చేతనున్న చీటీని త్రిప్పి, వెనుకవైపున పెన్సిలుతో గీతలు పెట్టుట మొదలిడితిమి. ఒక గీత పనిమనిషి సబ్బు అడిగినందుకు. ఒక గీత పొరుగింటావిడ పెరుగు తోడునకు వచ్చినందుకు. ఒకటి కొరియరు తెచ్చిన కుఱ్ఱవానికి సంతకము పెట్టినందుకు. ఒకటి కరెంటు పోగా ఇన్వర్టరు పనిచేయుచున్నదా యని చూచినందుకు. రెండు పొయ్యిమీది కుక్కరు కూతలకు. మా కండ్లద్దములు కనబడుటలేదని మేమును ఒకసారి పిలిచి, ఆ గీతను మేమే పెట్టుకొంటిమి. రెండు గంటలగునప్పటికి తొమ్మిది గీతలైనవి. ఆ మూడు గంటలలో మా కుమారుని తలుపు ఒక్కసారి తెఱవబడెను, అది భోజనమునకు.

ఇది మా యింటి వింత మాత్రమే కాదు. కేంద్ర గణాంకశాఖవారు 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతములేని యింటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వానికి వెచ్చించుచున్నట్లు తేలినది. 2019 నాటి సర్వేలో ఈ లెక్కలు 299, 97. అయిదేండ్లలో స్త్రీల కాలము పది నిమిషములు తగ్గినదని సంతసింపబోతిమి. కాని పురుషుల కాలమును తొమ్మిది నిమిషములు తగ్గినది. అనగా భారము కొంచెము తేలికయైనదేకాని, దానిని మోయు చేతులు మాఱలేదు.

ఇంటనుండి పనిచేయుటవలన మేలు లేదనము. పసివాడు తల్లిదండ్రులయొద్ద పెరుగుచున్నాడు. ముదిమిలో మాకు తోడు దొరకినది. అయినను ఆనాడు మాకొక సంగతి స్పష్టపడినది. ఉద్యోగము బయట నున్నప్పుడు స్త్రీకి కార్యాలయపు గడపయైనను రక్షగ నుండెడిది. అచ్చట కూర్చున్నయామెను పెరుగు తోడు అడుగువా రుండరు. ఇంటికి వచ్చిన యుద్యోగము పురుషునకు ప్రయాణపు బడలికను తగ్గించినది. స్త్రీకి రెండు పనుల నడుమనున్న గోడను పడగొట్టినది. ఆమెకు చదువు చెప్పించితిమి; ఉద్యోగమున కంగీకరించితిమి; తలుపు వేసికొను నధికారము మాత్ర మీయలేదు. అడిగియుండిన నిచ్చియుండెడివారమే. అడుగవలసిన స్థితిలో ఆమె యేల యున్నదో, మేమేల లేమో యని మాత్ర మెన్నడును ఆలోచింపలేదు.

సాయంకాలము నాలుగింటికి, ప్రాయశ్చిత్తముగ గాబోలు, టిక్కెట్ల మాట యెత్తితిమి. "ఈరోజు అందరం మొదటి ఆటకు పోదామమ్మా." ఆమె ముఖము వికసించి వెంటనే ముడుచుకొనెను. "ఏడింటికి అమెరికా వాళ్లతో మీటింగుందండీ. తొమ్మిదింటిదాకా కదలడానికి లేదు. మీరు వెళ్లిరండి; బాబుకి నేను అన్నం పెడతాను" అనెను. మా కుమారు డప్పుడే గదినుండి వచ్చుచు, "ఫోనులో మీటింగు వింటూ రావచ్చుగా" అనెను. ఆమె యేమియు ననక లోనికి పోయెను.

మేము చీటీ వెనుకవైపు అతనికి చూపితిమి. "ఇవేమిటి నాన్నగారూ?" యని యడిగెను. చెప్పితిమి. మొదట అతనికి కోపము వచ్చెను. "నన్ను పిలిస్తే నేనూ వచ్చేవాణ్ణి కదా!" అనెను. "ఆమెను మాత్రం ఎవరు పిలిచారు? వీధిలోవాడు ఇంటిని పిలిచాడు, ఆమె లేచింది" అంటిమి. అతడు కొంతసేపు ఊరకుండి, వంటయింటిలోనికి పోయి వంకాయలు ముందు పెట్టుకొని కూర్చుండెను.

మేము సినిమాహాలునకు పోయి టిక్కెట్లను రెండవ ఆటకు మార్పించుకొని వచ్చి, బియ్యము కడిగి కుక్కరు పెట్టితిమి. నీరు చాలక అన్నము పలుకుగ నుండెను. చారులో ఉప్పు రెండుసారులు పడెను. ఏడు గంటలకు మా కుమారుడే పోయి చిన్నగది తలుపు మెల్లగ మూసివచ్చెను. మనుమడు దానిని తట్టబోగా మేమిద్దఱమును ఒక్కసారిగ వాని నాపితిమి. తొమ్మిదింటికి ఆమె వచ్చి, వడ్డించిన కంచములను చూచి నవ్వెను. అన్నమును గూర్చి ఒక్క మాటయు ననలేదు.

ఆటకు నడచియే పోతిమి. చిత్రము సామాన్యమైనది, మనుమడు సగములోనే తల్లి యొడిలో నిద్రించెను. విశ్రాంతివేళ మా కొక పాత సంగతి స్ఫురించి, వారిద్దఱికిని చెప్పితిమి. చల్లపల్లికిని తెలుగు సినిమాకును గల సంబంధము చిన్నది కాదు. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాదుగారి ధనసాహాయ్యముతో వెలసిన సారథి ఫిలిమ్సు పక్షమున, మన కృష్ణామండలము వారే యైన గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో "మాలపిల్ల"ను, 1939లో "రైతుబిడ్డ"ను తీసిరి. మొదటిది అస్పృశ్యతను ఖండించినది. రెండవది జమీందారీ పద్ధతిలో రైతు పడు బాధలను చూపినది. కొందఱు జమీందారు లాగ్రహించి దాని ప్రదర్శనమును ఆపింప యత్నించిరి. జమీందారీని తప్పుపట్టు చిత్రమునకు ఒక జమీందారు ధనమే యాధారమయ్యెను.

దీనిని మేము మితిమీఱి పొగడబోము. చిత్రము వలన జమీందారీలు పోలేదు. వాని రద్దునకు 1948లో మదరాసు శాసనసభ చట్టమే చేయవలసి వచ్చెను. ఈ రెండును కలిపి చూచినచో మాకొక పాఠము తోచుచున్నది. తనకు లాభించుచున్న యన్యాయమును తాను కనులార చూడ నొప్పుకొనుట సంస్కరణమున కారంభము. దానికొక కట్టుబాటు చేసికొనుట పరిపూర్తి. మంచి మనసు మొదటిదానికి చాలును, రెండవదానికి చాలదు. "చీటీ వెనుక గీతలు మన యింటి రైతుబిడ్డ. ఇక చట్టం కావాలి" అంటిమి. కోడలు మొదటిసారి బిగ్గరగ నవ్వెను.

మఱునాటి యుదయమున ముగ్గురమును కూర్చుండి నాలుగు కట్టుబాటులు వ్రాసి గోడకంటించితిమి. పనివేళల రెండు గదుల తలుపులును మూసియుండవలెను. వీధిగుమ్మపు పిలుపులకు మేమే లేవవలెను. మేము లేనప్పుడు మా కుమారుడు లేవవలెను. చీటీ పట్టుకొని బయలుదేరినవారు ఇంటికి ఫోను చేయకుండ పనులు ముగించుకొని రావలెను. ఆఱు నెలలకొకసారి గదులు మార్చుకొనవలెను. మొదటి యాఱు నెలలు వంటయింటి ప్రక్కగది మా కుమారునిది.

ఆ సాయంకాలము మా యిల్లాలు అవనిగడ్డనుండి వచ్చి, గోడమీది కాగితమును ఆసాంతము చదివెను. చదివి, "బాగుంది. నలభై ఏళ్లలో నా తలుపు సంగతి ఎవరికీ గుర్తు రాలేదేం?" అనెను. దానికి మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఇప్పటికిని లేదు.

కట్టుబాటులు తు.చ. తప్పక సాగుచున్నవని చెప్పజాలము. పచారీ కొట్టునుండి ఆ పిదపను రెండుసారులు ఫోను చేసితిమి. రెండుసారులును ఫోను తీసినది మా కుమారుడగుట కొంత నయము. వీధి యూడ్చి వచ్చిన దినములలో అరుగుమీద కూర్చుండుట మాత్రము మానితిమి. చీపురు చేతనుండగనే మా వసారాయు నూడ్చి, పిదప పొయ్యి వెలిగించి కాఫీ కాచుచున్నాము. మొదటి దినమున మా యిల్లాలు తన కప్పును నమ్మలేక, ఎవరైన వచ్చిరా యని వీధివైపు చూచెను.