క్యాష్ మాట, మహర్ మాట

తిరుపతిలో, చిత్తూరులో పాత దుకాణాల గల్లాపెట్టె పైన ఒక బోర్డు ఉండేది: "ఈ రోజు నగదు, రేపు అరువు". నగదు పక్కా తెలుగు మాట అనుకుంటారు చాలామంది. అది అరబీ నఖ్ద్. ఫార్సీ, ఉర్దూల మీదుగా దివాణాల్లోకి, దుకాణాల చిట్టాల్లోకి వచ్చింది. మన ఇళ్లల్లో నఖద్ అంటాం. ఇప్పుడు ఆ కుర్సీ క్యాష్‌ది. "క్యాషా అన్నా, ఫోన్‌పేనా?" అంటాడు టీ బంకు పిల్లోడు కూడా.

ఈ క్యాష్ చిన్న మాటే గానీ, ఇంగ్లీషులో ఇది ఒకటి కాదు, రెండు మాటలు. మొదటిది లాటిన్ కాప్సా నుంచి ఇటాలియన్ కాసా, ఫ్రెంచ్ కాస్ మీదుగా వచ్చింది. అర్థం పెట్టె. అంటే క్యాష్ మొదట మన గల్లాపెట్టే. తర్వాత పెట్టె పేరు అందులోని పైకానికి అంటుకుంది. సూట్‌కేసులోని కేసు, మనం మింగే క్యాప్సూల్ దీని రిష్తేదార్లే. మన తిరుపతిలో ఇలాంటిదే ఉల్టా జరిగింది. హుండీ అంటే సాహుకార్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సొమ్ము పంపే కాగితం. ఇక్కడ ఆ మాట కానుకల పాత్రకు పేరైంది.

రెండో క్యాష్ మాత్రం మనదే. కాసు! పోర్చుగీసు వాళ్లు దాన్ని తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు, వాళ్ల దగ్గర ఇంగ్లీషు వాళ్లు క్యాష్ అని పట్టుకున్నారు. మద్రాసు కంపెనీ లెక్కలో 80 క్యాష్‌లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. 1801లో ఆర్కాటు నవాబు ముల్క్ కంపెనీ చేతికి పోయింది, చిత్తూరు కూడా అందులోదే. 1808లో ఇంగ్లండులో ముద్రించి పంపిన ఇరవై క్యాష్‌ల రాగి బిళ్ల మీద ఫార్సీలో ఇలా ఉంటుంది: బీస్త్ కాస్ చహార్ ఫులూస్ అస్త్. ఇరవై కాసులు నాలుగు ఫులూస్ అని. కువైట్‌లో పనిచేసి వచ్చిన మన వాళ్లను అడగండి, ఫులూస్ అంటే ఏమిటో వెంటనే చెబుతారు. ఒక్క రాగి బిళ్ల మీద మద్రాసు కాసు, అరబీ ఫులూస్, మధ్యలో ఫార్సీ!

నఖ్ద్‌కు అరబీలో ఇంకో అర్థం ఉంది. నాణెం అస్లీదా, నక్లీదా అని పరఖాయించడం. తన్ఖీద్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. కాబట్టి కాస్త తన్ఖీద్ చేస్తాను, నారాజ్ కావద్దు.

పోయిన ఏడాది పలమనేరు వైపు ఒక నిఖాలో నన్ను గవాహ్‌గా కూర్చోబెట్టారు. జోడే కీ రఖం ఐదు లక్షలు వారం ముందే సంచిలో పోయింది, నోటు నోటూ లెక్కపెట్టి. పేరుకు దూల్హా జోడు బట్టల ఖర్చు! మహర్ పదిహేను వేలు. "నఖదా, ఉధారా?" అని ఖాజీ సాబ్ అడిగితే, దూల్హా వైపు పెద్దమనిషి "ఉధార్ లిఖో జీ, దస్తూర్ హై" అన్నాడు. పిల్ల అబ్బా తలెత్తలేదు. మహర్ కట్నం కిందికి రాదని 1961 కట్న నిషేధ చట్టమే చెబుతుంది. ఆడపిల్ల ఇంటి నుంచి గుంజే జోడే కీ రఖానికి ఆ చట్టంలో ఏ పనాహ్ లేదు. ఇవ్వవలసింది అరువు, తీసుకోకూడనిది నగదు.

నిఖానామాలో ఇంకో చిక్కు. వెంటనే ఇచ్చే మహర్ ముఅజ్జల్. తర్వాత ఇచ్చేదీ ముఅజ్జల్! అరబీలో ఒకదానికి ఐన్, ఒకదానికి హమ్జా. మన నోట్లో, మన తెలుగు లిపిలో రెండూ ఒకటే. ఐన్‌తో రాసేది ఉజ్లత్, అంటే తొందర అనే మాటకు సంబంధించింది. హమ్జాతో రాసేది అజల్‌కు సంబంధించింది. అజల్ అంటే గడువు. ఉర్దూలో మౌత్ కూడా.

మా నానీమా మహర్ ఐదు వందలు. నానా మయ్యత్ రోజు ఆడవాళ్లు చుట్టూ చేరి "జనాజా ఉఠ్నే సే పైలే మహర్ మాఫ్ కర్ దేవ్" అన్నారట. ఆ గడియలో ఏ ఆడది కాదంటుంది? "మాఫ్ కరీ" అందట నానీమా. ఆ సంగతి మాకు చెప్పినప్పుడల్లా ఐదు వేళ్లూ చూపించేది.

మా చెల్లెలి కూతురికి ఇప్పుడు రిష్తాలు వస్తున్నాయి. బీకాం చదివిన పిల్ల, లెక్క తెలుసు. "మామూ, ఆ కాగితంలో ముఅజ్జల్ అని రాసి వదిలేయొద్దు. పక్కనే నగదు అని తెలుగులో రాయించండి" అంది. "లడ్కేవాలే గడప తొక్కకముందే ఏం మాటలే అవి!" అని మా చెల్లెలు కసిరింది. నేను ఖాజీ సాబ్‌కు ఫోన్ చేసి అడిగాను. రాస్తానన్నారు.