ఆదివారం నాన్న దగ్గరికి

విడాకులైన ఇంటి బిడ్డ సంగతి వస్తే చాలామంది సొలొమోను తీర్పును (1 రాజులు 3) ఎత్తుతారు. "నిజమైన తల్లివైతే వదులుకో" అంటారు. కాని అక్కడ తల్లి ఒక్కతే, రెండవ స్త్రీ అబద్ధమాడింది. ఇక్కడ అమ్మా నిజమే, నాన్నా నిజమే. ఆ ఖడ్గాన్ని ఈ ఇంటికి తేవద్దని మేము బతిమాలుతున్నాం.

మన క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం బిడ్డలు ఎవరి దగ్గర ఉండాలో చెప్పే అధికారం కోర్టుకిచ్చింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం బిడ్డ క్షేమాన్ని చూడమంటుంది. ఊహ తెలిసిన బిడ్డయితే వాడి ఇష్టాన్నీ అడగవచ్చు. మేమెరిగిన ఇళ్లలో బిడ్డ అమ్మ దగ్గరుంటాడు, నాన్న ఆదివారం తీసుకెళ్తాడు. బడి సెలవు ఆ రోజే కదా!

మరుసటి వారం మందిరం మెట్ల దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు: "సండే స్కూలు మానేసి ఎక్కడికెళ్లావురా? మీ నాన్న ప్రార్థన చేయిస్తాడా?" వాడు తల దించుకుంటాడు. నాన్నను ప్రేమించడం పాపమేమో అనుకుంటాడు.

తల్లులారా, ఆ రోజు తల దువ్వి, మంచి బట్టలేసి పంపండి. తిరిగొచ్చాక ఆరా తీయకుండా అన్నం పెట్టండి. తండ్రులారా, చెప్పిన వేళకు రండి. గడపలో కూర్చున్న బిడ్డకు అరగంట చాలా పెద్దది. (కొట్టే తండ్రి, తాగొచ్చే తండ్రి సంగతి వేరు. అది కోర్టుకు చెప్పవలసిందే, దాచడం భక్తి కాదు.)

ఆ బిడ్డల కోసం వాక్యపాఠం శనివారం సాయంకాలం పెడుతున్నాం. ఐదు గంటలకు మందిరం తలుపులు తీసి ఉంటాయి.