తీసిన చిత్రానికి తీర్చవలసిన బాకీ

కొత్త సంవత్సరం రాగానే రాజకీయ విలేకరులు జోస్యాలు చెప్పడం ఆనవాయితీ. 2026లో పశ్చిమ బెంగాల్, తమిళనాడు, కేరళ, అస్సాం, పుదుచ్చేరిలలో శాసనసభ ఎన్నికలు జరగవలసి ఉన్నాయి కనుక జోస్యాలకు కొదవ ఉండదు. ఆ పని మరో రోజు చేద్దాం. నా వ్యాసాలతో పాటు నేను తీసిన ఫోటోలను కూడా ఓపికగా చూస్తూ వస్తున్న పాఠకులతో ఇవాళ కెమెరా గురించి మాట్లాడాలని ఉంది. ఆ విషయంలో నేను ఎవరెవరికి రుణపడ్డానో, ఈ ఏడాది ఆ రుణాన్ని ఎలా తీర్చదలచుకున్నానో చెప్పాలని ఉంది.

అక్షరాలతో బతికేవాడికి కెమెరా ఎందుకని మిత్రులు అడుగుతుంటారు. నాయకుడు ఇవాళ అన్న మాటను రేపు వక్రీకరించారని ఖండించగలడు. సభలో ఖాళీగా మిగిలిన కుర్చీలను ఖండించడం అంత సులభం కాదు. ఈ సంగతి అధికారంలో ఉన్నవారికి మనకంటే బాగా తెలుసు. అందుకే ప్రతి పార్టీ సొంత ఫోటోగ్రాఫర్లను పెట్టుకుని, తనకు నచ్చిన కోణాన్నే పత్రికలకు పంపుతోంది. నేను బహిరంగ సభలకు వెళ్లినప్పుడు కాసేపైనా వేదికకు వీపు తిప్పి నిలబడతాను. దేశం ఆ వైపే కూర్చుని ఉంటుంది.

నా కృతజ్ఞతలలో మొదటిది హొమాయ్ వ్యారావాలాకు. 1913లో నవ్‌సారిలో పుట్టిన ఆమె మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు. పుట్టిన సంవత్సరాన్నీ, కారు నంబరునూ కలిపి 'డాల్డా 13' అనే కలం పేరు పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల ఢిల్లీని, మౌంట్‌బాటెన్ నిష్క్రమణను, గాంధీజీ అంత్యక్రియలను, నెహ్రూను మనం నేటికీ ఆమె కళ్లతో చూస్తున్నాం. అంతటి మనిషి తొలినాటి చిత్రాలు ఆమె భర్త పేరుతో అచ్చయ్యాయి. పద్మవిభూషణ్ అందింది 2011లో, మరణానికి ఏడాది ముందు. తీసినవారి పేరు లేకుండా ఫోటోను ఎత్తుకుపోయే అలవాటు సామాజిక మాధ్యమాలతో పుట్టిందేమీ కాదని ఆమె జీవితం చెబుతుంది. ఫోటోగ్రాఫరును రచయితతో సమానంగా చూసి, కాపీరైటు గడువును వారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లుగా మన చట్టం మార్చింది 2012లో మాత్రమే.

రెండో కృతజ్ఞత ఈ పనికి మూల్యం చెల్లించినవారికి. డానిష్ సిద్దిఖీ 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ శ్మశానాలను చిత్రించాడు. మరణాల లెక్కలపై వాదోపవాదాలు నడుస్తున్న రోజుల్లో, ఎడతెగని చితుల వరుస వాదనకు అతీతంగా నిలిచింది. అదే ఏడాది జూలై 16న అఫ్గానిస్థాన్‌లోని స్పిన్ బోల్దక్ వద్ద విధినిర్వహణలో ఉండగా అతన్ని చంపేశారు. ఆ కోవిడ్ చిత్రాలకు 2022లో పులిట్జర్ బహుమతి పొందిన నలుగురిలో అతనొకడు. మరొకరైన కశ్మీరీ ఫోటోగ్రాఫరు సనా ఇర్షాద్ మట్టూ బహుమతి అందుకోవడానికి న్యూయార్క్ బయలుదేరితే, వీసా, టికెట్ ఉన్నా ఢిల్లీ విమానాశ్రయంలో ఆపేశారు. సరిహద్దుకు అవతల కూడా కథ వేరుగా లేదు. ఢాకాలో విద్యార్థుల ఆందోళన గురించి మాట్లాడినందుకు షాహిదుల్ ఆలమ్ 2018లో వంద రోజులకు పైగా జైలులో ఉన్నాడు. దక్షిణాసియాలో ప్రభుత్వాలు మారినంత తేలికగా కెమెరా పట్ల వాటి భయం మారదు.

మూడో కృతజ్ఞత అన్నింటికంటే పెద్దది. అది కెమెరా ముందు నిలబడినవారికి. రైతుల ఉద్యమ కాలంలో సింఘూ సరిహద్దులో, ట్రాలీ మీద కూర్చున్న ఒక పంజాబీ వృద్ధుడు ఫోటో తీయనిచ్చి, తర్వాత నన్ను ఒక్కటే అడిగాడు: "మరి నాకేమిస్తావు?" డబ్బు కోసం కాదు. ఆ ఫోటో తన మనవరాలికి కావాలట. కాగితం మీద చిరునామా రాసిచ్చాడు. ప్రింటు వేయించి తపాలాలో పంపాను. కొన్ని నెలల తర్వాత ఆయన ఫోన్ చేసి, ఇంట్లో గోడకు తగిలించామని చెప్పాడు. మన భాషలో ఫోటోను 'తీస్తాం'. తీసుకున్నదానికి తిరిగి ఇవ్వవలసింది ఉంటుందని ఆయన నాకు నేర్పాడు.

ఇవ్వడం సంగతి అటుంచి, తీసినది వారికి హాని చేయకుండా ఉండాలి కదా. ఢిల్లీ అల్లర్ల తర్వాత 2020 మార్చిలో కేంద్ర హోంమంత్రి లోక్‌సభలో మాట్లాడుతూ, ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో, ఓటరు కార్డుల, డ్రైవింగ్ లైసెన్సుల సమాచారం ఆధారంగా 1,100 మందికి పైగా గుర్తించామని చెప్పారు. నేరస్థులను పట్టుకోవడం పోలీసుల బాధ్యతే. కానీ అదే యంత్రానికి శాంతియుత ధర్నాలో నినాదమిచ్చిన విద్యార్థిని ముఖం కూడా ఒక ముఖమే. ప్రజల పక్షాన సాక్ష్యం చెప్పాలని తీసిన చిత్రం ఆ ప్రజల మీదే సాక్ష్యంగా మారే కాలం ఇది.

అందుకే ఈ ఏడాదికి నాలుగు సంకల్పాలు చేసుకున్నాను. ఒకటి, నిరసనల్లో సామాన్యుల ముఖాలను దగ్గరగా తీస్తే వారి అనుమతి లేకుండా ప్రచురించను. నాయకులకు ఈ మినహాయింపు లేదు. రెండు, చిరునామా ఇచ్చినవారికి ప్రింటు పంపుతాను.

మూడు, ప్రతి చిత్రం కింద తేదీ, స్థలం, సందర్భం రాస్తాను, అసలు ఫైలును మార్చకుండా దాచుతాను. కృత్రిమ మేధ క్షణంలో ఒక బహిరంగ సభనే సృష్టించగల రోజుల్లో ఇది చాదస్తం కాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో అది ఎప్పుడు, ఏ కెమెరాతో తీసినదో తెలిపే అంతర్గత సమాచారం మిగలదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరి అని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది మహారాష్ట్రకు చెందిన ఒక ఎన్నికల వివాదంలోనే. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమ్ ప్రకారం, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువను కూడా ఆ ధ్రువపత్రంలో పేర్కొనాలి.

నాలుగోది నేపాల్ నుంచి నేర్చుకున్నది. పదేళ్ల అంతర్యుద్ధపు చిత్రాలను పుస్తకంగా కూర్చిన సంపాదకుడు కుందా దీక్షిత్ అంతటితో ఆగలేదు. ఆ ఫోటోలలోని మనుషులను వెతుక్కుంటూ వెళ్లి, యుద్ధం తర్వాత వారేమయ్యారో మరో పుస్తకంలో నమోదు చేశాడు. 2020 లాక్‌డౌన్‌లో నడిచి వెళ్లినవారిలో కొందరిని నేనూ చిత్రించాను. వారి ఊళ్ల పేర్లు నా నోటు పుస్తకంలో ఉన్నాయి. ఎన్నికల పర్యటనల మధ్య వీలు చేసుకుని వారిలో కొందరినైనా కలవాలి. వారి తలుపు తట్టడానికి ఓట్ల కాలం మాత్రమే సరైనదని పార్టీలు అనుకోవచ్చు, విలేకరి అనుకోకూడదు.

పాఠకులకు నూతన సంవత్సర శుభాకాంక్షలు. మీకూ ఒక చిన్న విన్నపం. మీ ఇంట్లో పాత ఫోటోలుంటే, పెద్దవాళ్లు ఉండగానే వారిని పక్కన కూర్చోబెట్టుకుని, వెనకవైపు పెన్సిలుతో అందులో ఉన్నవారి పేర్లు, ఊరు, సంవత్సరం రాసి పెట్టండి. తెలిస్తే, తీసినవారి పేరు కూడా.