సగటు చూసి మోసపోయాను

గురక గురించి ఇంట్లో ఎవరేమన్నా నవ్వేసేవాణ్ని. "గురక సంగతి కాదండీ, మధ్యలో ఊపిరి బాగా సన్నబడిపోతోంది. కాసేపటికి ఉలిక్కిపడి గట్టిగా పీలుస్తున్నారు" అని నా భార్య అన్నప్పుడు మాత్రం కోపం వచ్చింది. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెట్టుకున్నాను. 97. "చూశావా?" అన్నాను. మెలకువగా కూర్చుని తీసుకున్న కొలతతో నిద్రలో జరిగేదాన్ని కొట్టిపారేయడం నా మొదటి తప్పు.

రెండోది అంతకన్నా పెద్దది. మాత్రలు వేసుకుంటున్నా బీపీ అదుపులోకి రాక డాక్టరు మోతాదు పెంచుతూ ఉంటే, రాత్రుళ్ల సంగతి ఆయనకు చెప్పలేదు. ఆఫీసులో కునుకొస్తే మధ్యాహ్నం భోజనాన్ని, సిగ్నల్ దగ్గర బండి మీద కళ్లు మూతపడితే వయసును తిట్టుకున్నాను. చివరికి ఆయనే అనుమానించి ఎప్‌వర్త్ ప్రశ్నల కాగితం ఇచ్చారు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంతో 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 10 దాటితే పగటి మగత ఎక్కువైనట్టే. నేను పిసినారిగా వేసుకుని గట్టెక్కాను.

అయినా ఆయన ఇంట్లో చేసుకునే నిద్ర పరీక్ష రాశారు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. రిపోర్టులో ఊపిరికి అంతరాయాలు గంటకు 5 లోపే. సగటు ఆక్సిజన్ 95. నిర్దోషినని కోర్టు తీర్పిచ్చినట్టు ఆ కాగితాన్ని ఇంటిల్లిపాదికీ చూపించాను.

డాక్టరు ఒప్పుకోలేదు. ఆ పరికరం మెదడు తరంగాలను చూడదు, కాబట్టి నేనెప్పుడు నిద్రపోయానో దానికి తెలియదు. రికార్డు చేసిన గంటలన్నిటితోనూ భాగించేస్తుంది. ఊపిరి 36 సార్లు తగ్గిందనుకుందాం. 8 గంటలతో భాగిస్తే 4.5. నిద్రపోయింది 6 గంటలే అయితే అసలు లెక్క 6. ఇక ఆక్సిజన్ పడకుండా నిద్ర మాత్రమే చెదిరిన సందర్భాలు ఆ లెక్కలోకే రావు.

దాంతో మెదడు తరంగాలను కూడా చూసే పాలీసోమ్నోగ్రఫీ అనే నిద్ర పరీక్షకు వెళ్లక తప్పలేదు. తలకు, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్లకు వైర్లు. ఛాతీకీ పొట్టకీ బెల్టులు. ఆ తర్వాత డాక్టరు స్క్రీన్ మీద చూపించారు. ఊపిరి పూర్తిగా ఆగినవి కొన్నే. ఎక్కువ భాగం హైపాప్నియాలు. గాలి ప్రవాహం కనీసం 30 శాతం తగ్గి, 10 సెకన్లయినా అలాగే ఉండి, దాంతోపాటు ఆక్సిజన్ 3 శాతం పడడమో నిద్ర చెదరడమో జరిగితే ఒకటిగా లెక్కిస్తారు. నా గాలి గీత కుంచించుకుపోతుంటే, ఛాతీ గీతా పొట్ట గీతా ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతున్నాయి. గొంతు దారి ఇరుకైనా ఒళ్లు గాలి కోసం పెనుగులాడుతోందన్నమాట. అంతలో మెదడు గీత చెదిరి, ఒక పెద్ద ఊపిరి. ఆక్సిజన్ గీత మాత్రం కొన్ని సెకన్లు ఆలస్యంగా పడుతుంది, ఊపిరితిత్తుల నుంచి రక్తం వేలిదాకా రావాలి కదా. పడిన గీత వెంటనే లేస్తుంది కూడా. అందుకే రాత్రంతటికీ సగటు తీస్తే ఇవేవీ కనిపించవు.

నా లెక్క గంటకు 22. 5 నుంచి 15 లోపు స్వల్పం, 30 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రం. నాకు వెల్లకిలా పడుకున్నప్పుడూ కలల నిద్రలోనూ ఎక్కువగా వచ్చాయి. ఆక్సిజన్ 4 శాతం పడితేనే లెక్కించాలని అమెరికాలో మెడికేర్ వాళ్లు పాటించే నిబంధనతో చూస్తే అదే రాత్రికి అంకె తగ్గవచ్చు. కాబట్టి రిపోర్టు చేతికొచ్చాక ఏ నిబంధనతో లెక్కించారో అడగడం మంచిది.

జబ్బు లేదని రుజువు చేసుకోవడానికే నేను ప్రతి కొలతనూ వాడుకున్నాను. అందుకే నాకు నచ్చిన అంకె దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు నిద్రలో గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం పెట్టుకుంటున్నాను. అది రోజూ చూపించే అంకెకు నేను అర్థం చెప్పుకోను, డాక్టరుకు చూపిస్తాను. ఎప్‌వర్త్ కాగితం నింపేటప్పుడు నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. నాలాంటి వాళ్లకు చెప్పేదొకటే: బండి మీద కళ్లు మూతపడుతుంటే, ఇంటి పరీక్షలో అంకె ఎంత బాగా వచ్చినా సరే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. చెప్పేదాకా బండి తీయకండి.