చందా దగ్గరే ఆగిపోతే

పరాయి దేశంలో చందాలు వేసుకోవడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. దోహాకు ఉత్తరాన 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో పనిచేసే మనిషి ఎవరైనా పోయాడంటే చాలు, శవాన్ని విమానం ఎక్కించేలోపే రూళ్ల పుస్తకం ఒకటి క్యాంపులో గదిగదికీ తిరుగుతుంది. జగిత్యాల అన్న పేరు కింద కడప భాయ్, ఆ కింద రాజోలు పాస్టర్‌గారబ్బాయి. ఒకరు 50 రియాళ్లు, ఒకరు 20. కులమతాలు అడిగే తీరిక ఆ పుస్తకానికి ఉండదు.

అమెరికాలోని బోస్టన్‌లో యూదులూ క్రైస్తవులూ ఇంకొక్క అడుగు వేశారు. 1998లో అక్కడి చర్చిలు, యూదుల ప్రార్థనా మందిరాలు కలిసి గ్రేటర్ బోస్టన్ ఇంటర్‌ఫెయిత్ ఆర్గనైజేషన్ పెట్టుకున్నాయి. దానధర్మాలు వాళ్లకు కొత్తేమీ కాదు. ఈసారి కొందరు కొందరుగా కూర్చుని ఎవరి కష్టం వాళ్లు చెప్పుకున్నారు. ఆస్పత్రి బిల్లులను ఎవరికి వాళ్లు తమ ఖర్మ అనుకున్నారు. తీరా చూస్తే అది అందరి గోడూ అయింది. సంతకాలు పోగుచేశారు. వాళ్ల రాష్ట్రం మసాచుసెట్స్‌లో 2006 నాటి ఆరోగ్య బీమా చట్టం వెనుక వాళ్ల ఒత్తిడి కూడా ఉంది.

మనం మాత్రం గోంగూర పచ్చడి గదంతా పంచి, శాలరీ స్లిప్ పక్కమంచం వాడికి కనపడకుండా మడతపెడతాం. ఓవర్‌టైమ్ డబ్బు పడకపోతే నాకొక్కడికే కాబోలనుకుని ఊరుకుంటాం.

నోరెత్తాలంటే ఉన్న భయం ఉత్తది కాదు. ఇక్కడ ఖతార్‌లో విదేశీయులు యూనియన్ పెట్టుకోకూడదు. అయినా 2015 నుంచి జీతాలు బ్యాంకులో పడాలన్నారు. 2019లో కార్మికులు ఎన్నుకున్న ప్రతినిధులతో కంపెనీల్లో ఉమ్మడి కమిటీలకు దారి ఇచ్చారు. 2021 నుంచి కనీస జీతం 1000 రియాళ్లు. తలుపు కాస్త తెరుచుకునే ఉంది.

కూలివాడి కూలి పొద్దు గుంకేలోగా ఇచ్చెయ్యమంటుంది యూదుల తోరా. ఆ మాటే క్రైస్తవుల బైబిల్లోనూ ఉంది. చెమట ఆరకముందే ఇమ్మని ప్రవక్త చెప్పారని ముస్లింలు వింటూ పెరుగుతారు. కూలోళ్ల ఉసురు పోసుకోవద్దని మనూళ్లలో ముసలమ్మలూ అంటారు. ఇందరు ఒప్పుకున్న సంగతిని నోరు తెరిచి అడగడానికి మొహమాటమెందుకు?

శుక్రవారం బిర్యానీ తిన్నాక "నీకీ నెల ఎంత పడింది?" అని ఒకరినొకరు అడిగి చూడొచ్చు. దానికి యూనియన్ అక్కర్లేదు.