సూర్ రేవులో నేర్చిన కొలత

ఒమన్ దేశపు సూర్ పట్టణంలో, 1951లో అక్కడే నిర్మితమైన ‘ఫత్హుల్ ఖైర్’ అనే కొయ్య ఓడను మేము చూశాము. గాలి పెరిగినకొద్దీ ఓడ వేగమూ పెరుగుతుందని మా భావన. వెంట ఉన్న వృద్ధ నావికుడు చిరునవ్వుతో కాదన్నారు. వేగం హెచ్చేకొద్దీ ఓడ తానే లేపిన అలను ఎక్కవలసి వస్తుంది. అందుకే ఇటువంటి ఓడలకు నీటిని తాకే పొడవు 16 అడుగులైతే వేగపు హద్దు సుమారు 5.4 నాట్లు, 64 అడుగులైనా 10.7 నాట్లే. నాట్ అంటే గంటకు 1,852 మీటర్లు. ఆపైన తెరచాపలు పెంచితే కొయ్య విరగవచ్చు.

పూర్వపు అరబ్బు నావికులు నక్షత్రాల ఎత్తును వేళ్ల వెడల్పుతో, దూరాన్ని ‘జామ్’లతో కొలిచేవారు. జామ్ అంటే మూడు గంటల ప్రయాణం. మన జామూ మూడు గంటలే.

ఊరికి తిరిగి వచ్చాక, పాఠం అప్పజెప్పలేని ఒక చిన్నారిని గద్దించబోయి మేము ఆగిపోయాము. గాలి పెంచి ప్రయోజనం లేదు. పడవ పెరిగేదాకా ఓపిక పట్టాలి.