పల్లవి వచ్చాకే తెలిసింది, ఆ పాటేనని

నవంబర్‌లో లండన్ వెళ్ళేవాళ్ళు ముందుగా అలవాటు పడాల్సింది చీకటికి. సాయంత్రం నాలుగు దాటీ దాటగానే పొద్దుగూకిపోతుంది. మా విజయవాడలో ఆ వేళకి టీ బండ్ల దగ్గర పాలు కాగుతుంటాయి, ఎండ ఇంకా మేడల మీదే ఉంటుంది. ఇక్కడ బడి పిల్లలు వీధి దీపాల వెలుగులో ఇళ్ళకు పోతుంటారు. చేతి గడియారాన్ని నమ్మాలో ఆకాశాన్ని నమ్మాలో తేల్చుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.

నేను వెళ్ళింది అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పాట వినడానికి. 2024 నవంబర్ 12, 13, 14 తేదీల్లో రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆయన కచేరీలు. మనిషికి అప్పటికి 83 ఏళ్ళు. 2020లో వచ్చిన ‘రఫ్ అండ్ రౌడీ వేస్’ ఆల్బమ్ పాటలు పట్టుకుని 2021 నుంచీ దేశాలు తిరుగుతూ ఉన్నాడప్పుడు. ఆ ఏటి యూరప్ యాత్ర ఈ మూడు రాత్రులతో ముగిసింది. నాకు మధ్య రోజు టికెట్ దొరికింది. విశాఖలో చదువుకునేటప్పుడు హాస్టల్ గదిలో ఓ మిత్రుడి క్యాసెట్‌తో అంటుకున్న ఇష్టం ఇది. అప్పట్లో మాటలు సగమే అర్థమయ్యేవి. ఆ ముక్కుగొంతు మాత్రం నన్ను వదల్లేదు.

బస ఈస్ట్ హామ్‌లో, మా మేనల్లుడి గదిలో. అక్కడ దిగితే పరాయి దేశం వచ్చినట్టే ఉండదు. దోసె హోటళ్ళు, చీరల కొట్లు, గంపల్లో మునక్కాయలు, కరివేపాకు కట్టలు. బస్టాపులో నిలబడితే ఒక పక్క గుంటూరు యాస, మరో పక్క కరీంనగర్ యాస. “మామయ్యా, టికెట్టు ఫోన్లోనే ఉంటది, ఛార్జింగ్ చూసుకో. లోపలికెళ్ళాక ఫోన్ వాడనివ్వరంట” అని రెండుసార్లు చెప్పి పంపించాడు వాడు.

అక్కణ్నించి డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కితే మారే పని లేకుండా సౌత్ కెన్సింగ్టన్‌లో దిగొచ్చు. పెట్టె నిండా జనం, అయినా ఎవరూ మాట్లాడుకోరు. మన ప్యాసింజరు రైల్లో అయితే మూడో స్టేషన్ వచ్చేసరికి ఎదుటివాళ్ళ ఊరు, పేరు, పిల్లల సంబంధాలు అన్నీ తెలిసిపోతాయి. దిగాక స్టేషన్ కిందనుంచే పొడవాటి నడకదారి సొరంగం ఒకటుంది, 1885 నాటిది. మ్యూజియాలకు వెళ్ళే జనం కోసం కట్టారు. పలకలు అతికించిన గోడల మధ్య ఒకతను వయొలిన్ వాయిస్తున్నాడు. ఆ స్వరం సొరంగం చివరిదాకా తోడొచ్చింది. పైకొస్తే అన్నీ పెద్ద పెద్ద భవనాలే, అన్నీ చీకట్లో ఒకలాగే ఉన్నాయి. సైన్స్ మ్యూజియం పక్కన నిలబడి అటూ ఇటూ చూస్తుంటే, పుస్తకాల సంచీతో వెళుతున్న ఒక అమ్మాయి ఆగి, “ఈ రోడ్డు వెంబడే పైకి వెళ్ళండి, ఎర్రగా, గుండ్రంగా కనిపించేదాకా ఆగొద్దు” అంది. ఇంతకంటే మంచి గుర్తు ఎవరూ చెప్పలేరు.

హాలు ఎదురుగా, రోడ్డుకి అవతల, విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ స్మారకం ఉంది. గోపురం కింద బంగారు పూత పూసిన విగ్రహం. నాలుగు మూలల్లో నాలుగు ఖండాలకు గుర్తుగా రాతి శిల్పాలు. ఆసియా మూలన మోకరిల్లిన ఏనుగు, దాని మీద ఒక స్త్రీ. చలిగాలిలో ఆ ఏనుగు ముడతలు పడ్డ చర్మాన్ని చూస్తూ చాలాసేపే నిలబడిపోయాను. కచేరీకి వెళితే ఒక గంట ముందే చేరుకోండి, ఈ ఏనుగు కోసమైనా.

తిండి సంగతి కూడా చెప్పాలి. దగ్గర్లో చిన్న కేఫ్‌లో ‘జాకెట్ పొటాటో’ అడిగాను. అరచేయంత బంగాళదుంపని తొక్కతోనే ఓవెన్‌లో కాల్చి, నడిమికి చీల్చి, వెన్న వేసి, టమాటా రసంలో ఉడికిన తెల్ల చిక్కుడు గింజలు పోసి, పైన తురిమిన చీజ్ చల్లి ఇచ్చారు. గింజలు కాస్త తియ్యగా ఉన్నాయి. మనింట్లో దుంప వేపుడంటే పోపు, కారం, కరివేపాకు. ఇక్కడ మిరియాల పొడి ఒక్కటే. కానీ ఆ కాలిన తొక్క కరకర, లోపలి మెత్తదనం, వేడి వెన్న... ఆ చలిలో అది అమృతం.

హాలు గుమ్మం దగ్గర టికెట్టు చూపించగానే ఫోన్ కట్టేసి ఒక మెత్తటి సంచీలో పెట్టమన్నారు. చేతికి రబ్బరులా తగిలే గుడ్డ సంచీ అది. పైన గుండ్రటి బొత్తాం నొక్కగానే తాళం పడింది. సంచీ మన చేతికే ఇచ్చేస్తారు. తెరవాలంటే మాత్రం బయటికొచ్చేటప్పుడు వాళ్ళ దగ్గరున్న అయస్కాంతపు దిమ్మకి తాకించాలి. డిలన్ ఈ యాత్ర కచేరీలకు పెట్టుకున్న నియమం ఇది. ఫోటో లేదు, వీడియో లేదు. చేతిలో ఫోన్ ఉంది, అది పనికిరాదు. మొదటి పది నిమిషాలు చెయ్యి ఊరికే జేబులోకి పోతూనే ఉంది.

లోపల నా కుర్చీ ‘సర్కిల్’ అనే పై వరసలో. భవనం కోడిగుడ్డు ఆకారంలో ఉండటంతో వసారాలన్నీ వంపు తిరుగుతాయి. ఎటు నడిచినా అదే ఎర్ర తివాచీ, అవే తలుపులు. ఒక చుట్టు పూర్తిగా తిరిగి, బయల్దేరిన చోటికే చేరాను. అక్కడి పెద్దాయన నవ్వి, “అందరూ ఒక ప్రదక్షిణ చేస్తారు” అన్న అర్థం వచ్చేలా వేలితో గాల్లో గుండ్రం గీసి, మెట్లు చూపించాడు. తలుపు తోసి లోపల అడుగుపెడితే కింద 5 వేలమందికి పైగా పట్టే మహా సభామందిరం. పైకప్పు నుంచి పుట్టగొడుగుల్లాంటి పెద్ద పెద్ద పళ్ళేలు వేలాడుతున్నాయి. 1871లో ఈ హాలు తెరిచినప్పటి నుంచీ ప్రతిధ్వని పెద్ద బెడదట. తమ సంగీతాన్ని రెండుసార్లు వినాలంటే బ్రిటిష్ స్వరకర్తలకి ఇదొక్కటే చోటని చెప్పుకునేవారు. 1969లో ఈ పళ్ళేలు వేలాడదీశాక గానీ ఆ బెడద తగ్గలేదు.

పక్క కుర్చీలో ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఫోన్లు లేవు కాబట్టి మనుషులు మాట్లాడుకుంటున్నారు, రైల్లోలా కాదు. మూడు రాత్రులకీ ఆవిడ టికెట్లు కొనుక్కుంది. “రోజూ అవే పాటలు కదా?” అన్నాను. “పాటలు అవే, ఆయన వేరు” అంది.

దీపాలు తగ్గాయి. తెరలు లేవు, యాంకర్ లేడు, ముందు పాడే చిన్న గాయకులు లేరు. మన హైదరాబాద్ మ్యూజికల్ నైట్లలో వేదికకు రెండు పక్కలా ఎల్‌ఈడీ తెరలు, స్పాన్సర్ల పేర్లు, “చేతులు పైకెత్తండి” అన్న కేకలు ఉంటాయి. ఇక్కడ మసక వెలుగులో పియానో దగ్గర ఒక తల, చుట్టూ వాద్యకారులు, అంతే. డ్రమ్స్ మీద జిమ్ కెల్ట్‌నర్, బేస్ మీద టోనీ గార్నియర్. పాటకీ పాటకీ మధ్య కబుర్లు లేవు.

రెండో పాట మొదలైంది. వరస నాకు తెలియదు. లయ తెలియదు. గొంతు గరగరలాడుతోంది, పదాలను ఒకచోట పరిగెత్తిస్తోంది, ఒకచోట ఆపి పట్టుకుంటోంది. కొత్త పాటేమో అనుకుంటుండగా పల్లవి వచ్చింది. ‘ఇట్ ఎయింట్ మీ, బేబ్’! 1964 నాటి పాట, హాస్టల్లో అరిగేదాకా విన్న పాట. ఒళ్ళు జలదరించింది. టీచరమ్మ నా వైపు చూసి తల ఊపింది.

త్యాగరాజ కృతిని మరో రాగంలో పాడితే మన సభలు ఊరుకోవు. సంగతులు పెంచుకోవచ్చు, నెరవులు చేయవచ్చు, రాగం మాత్రం కదలకూడదు. డిలన్ తన పాటకి తానే కొత్త వరస కట్టేస్తాడు. 1965 నాటి ‘డెసొలేషన్ రో’ రికార్డులో పదకొండు నిమిషాలు గిటార్ల మీద నిదానంగా నడుస్తుంది. ఇక్కడ అది డ్రమ్స్ దరువు మీద దౌడు తీసింది. మన హరిదాసులు ఇలాగే చేసేవారు. కథ ఒకటే, ఊరిని బట్టి, రాత్రిని బట్టి నడక మారేది. రికార్డులో ఉన్నది ఆ పాట ఒకనాటి రూపం మాత్రమేనని నాకు ఆ కుర్చీలో కూర్చున్నాకే నమ్మకం కుదిరింది. రాసినవాడు బతికున్నంతకాలం పాట పెరుగుతూనే ఉంటుంది.

ఈ మార్పులకు ఆయన తిట్లు కూడా తిన్నాడు. 1966 మే నెలలో ఎలక్ట్రిక్ గిటార్‌తో ఇంగ్లండ్ వస్తే జానపద అభిమానులు మండిపడ్డారు. “జూడాస్!” (ద్రోహీ!) అని ఒక శ్రోత అరిచిన రికార్డింగు ఏళ్ళతరబడి రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీగా చలామణీ అయింది. నిజానికి అది జరిగింది మాంచెస్టర్‌లో, మే 17న. ఈ హాల్లో ఆయన పాడింది అదే నెల 26, 27 తేదీల్లో. అదే మనిషి అదే చోట 58 ఏళ్ళ తర్వాత పాడుతుంటే 5 వేలమంది దగ్గు కూడా అణుచుకుని వింటున్నారు.

చివరి పాట 1981 నాటి ‘ఎవ్రీ గ్రెయిన్ ఆఫ్ శాండ్’. ఆఖర్న మౌతార్గాన్ అందుకున్నాడు. సన్నగా, వణుకుతూ, ఒక్కో స్వరం విడివిడిగా వచ్చింది. హాలంతా లేచి నిలబడింది. మళ్ళీ వచ్చి పాడే రివాజు లేదు. చప్పట్ల మధ్యే వెళ్ళిపోయాడు. నేను అప్పుడు గడియారం చూసుకోలేదు, చూడాలని కూడా అనిపించలేదు.

ఇలాంటి కచేరీకి వెళ్ళే వీలు మీకు దొరికితే వరసలు గుర్తుపెట్టుకుని వెళ్ళకండి, మాటలు చదువుకుని వెళ్ళండి. వరస మారుతుంది, మాటలు మిమ్మల్ని పాట దగ్గరికి తీసుకెళతాయి. 2016లో ఆయనకి సాహిత్య నోబెల్ ఇచ్చింది ఆ మాటలకే. లండన్ దాకా వెళ్ళే వీలు లేకపోయినా పర్వాలేదు. సొంత పాట రాసి పాడేవాళ్ళు మనకీ ఉన్నారు. పాటల పుస్తకం ‘వల్లంకి తాళం’కి గోరటి వెంకన్న 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆయన మీ ఊరికి దగ్గర్లో పాడుతున్నారని తెలిస్తే ఫోన్ ఇంట్లో పెట్టి బయల్దేరండి, వీలైతే ముందు వరసలో కూర్చోండి.